పేరెరుగని కథకుడు

ఇంటిలో పెద్దవారు గతించినచో ఎన్ని దినములు మైలపట్టవలెనో, ఎవరు తర్పణము విడువవలెనో, ఏటేట ఏ తిథినాడు తలచుకొనవలెనో మన పూర్వులు విధించియున్నారు. దుఃఖమునకు కూడ ఒక క్రమము ఏర్పరచుట వారి దొడ్డబుద్ధి. కాని రక్తసంబంధము లేనివాడును, ఒక్కమారైనను మన కంట బడనివాడును, అయినను ఏండ్ల తరబడి నెలనెలయు మన వాకిటికి వచ్చి మన పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని కథ చెప్పిపోయినవాడును గతించినచో మనమేమి చేయవలెను? ఆ దుఃఖమునకు శాస్త్రములో పేరు లేదు. అంతకంటెను చిత్రమేమనగా, అట్టి కథకుని పేరుకూడ మనకు తెలియకపోవుట. తెలుగునాట అట్టి వింత నిజముగనే జరిగినది. సోదరీమణులు దానిని తెలిసికొనదగుదురని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2010 సంవత్సరము జనవరి 27వ తేదీన విజయవాడలో దాసరి సుబ్రహ్మణ్యముగారు తమ 77వ యేట స్వర్గస్థులైరి. విజయవాడకును మా యేలూరునకును నడుమ దూరము సుమారు 60 కిలోమీటర్లు. అయినను ఆ వార్త మా ప్రాంతపు ఇండ్లలో నాడు పెద్ద అలజడి పుట్టింపలేదు. పత్రికలో ఆ పేరు చదివి పుట త్రిప్పినవారే ఎక్కువమంది. ఆ పేరు వారికి ఏమియు చెప్పలేదు. పిదప ఎవరో ఒకరు, "తోకచుక్క వ్రాసినది వీరే, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, శిథిలాలయము వీరివే" అని చెప్పినప్పుడు మాత్రము నడివయస్సు దాటినవారందరును ఒక్కసారి ఉలికిపడిరి. మా వీధిలోని ఒక మామ్మగారు ఈ మాట విని, "అయ్యో, ఉగ్రాక్షుడి కథ చెప్పినాయనా? ఆయన ఇన్నాళ్లూ బెజవాడలోనే ఉన్నాడా?" అని చాలసేపు మాటాడక కూర్చుండెను. ఆమె కన్నీరు కార్చినది కథకుడు పోయినందుకు మాత్రమే కాదు. అంత చేరువలో నుండగా తాను ఎరుగకపోయితినే యనునదియే ఆమె ముఖ్యదుఃఖము.

సుబ్రహ్మణ్యముగారు 1932వ సంవత్సరమున జన్మించిరి. ఇరువదియేండ్ల ప్రాయమున, అనగా 1952లో, మదరాసు చేరి "చందమామ" మాసపత్రికలో కుదురుకొనిరి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ఆ పత్రికను 1947 జూలై నెలలో తెలుగు, తమిళ భాషలయందు ప్రారంభించిరి. ఆ 1952వ సంవత్సరముననే కొడవటిగంటి కుటుంబరావుగారు కూడ చందమామ పనిలో ప్రవేశించి, 1980లో పరమపదించువరకు ఆ పత్రిక భాషను, నడకను తీర్చిదిద్దిరి. సుబ్రహ్మణ్యముగారు వారి ప్రక్కన కూర్చుండి పని నేర్చి, వారి తరువాతకూడ అదే పత్రికయందు నిలిచి, 2006 వరకు, అనగా 54 సంవత్సరములు, ఒక్క కొలువులోనే తమ జీవితమును గడపిరి. పెండ్లియాడి వచ్చిన కోడలు అత్తవారింటిని విడువనట్లు వారు చందమామను విడువలేదని చెప్పవచ్చును.

1954లో "తోకచుక్క" యను ధారావాహికతో వారి అద్భుతకథల పరంపర మొదలైనది. ఆ పిమ్మట మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూకమాంత్రికుడు అని మొత్తము 12 ధారావాహికలు సుమారు పాతికేండ్లకాలములో వెలువడినవి. ఒక్కొక్కటి ఏడాదికి పైబడి నడచెడిది. కొన్ని రెండేండ్లు సాగినవి. నడుమ కొంతకాలము పత్రికవారు బంకించంద్రుని నవలలను ధారావాహికలుగా వేసి చూచిరి గాని, 1966లో పాతాళదుర్గముతో మరల సుబ్రహ్మణ్యముగారి కలమునే ఆశ్రయించిరి. చందమామ అనేక భారతీయ భాషలలో వెలువడుచుండుటచే ఈ కథలు కన్నడ, తమిళ, మరాఠీ, హిందీ మున్నగు భాషల పిల్లలకు కూడ వారి వారి మాతృభాషల కథలే యైనవి. ఒక తెలుగువాడు మదరాసులో కూర్చుండి వ్రాసినదానికై దేశమంతటను పిల్లలు నెలరోజులు ఎదురుచూచినారన్నమాట.

ఈ కథలలో ఏమున్నదని అంతటి మోజు? సమరసేనుడను సేనాని ఓడలలో బయలుదేరి మాంత్రికుల పగలో చిక్కుపడును; ఒక ప్రక్క ఏకాక్షి, ఒక ప్రక్క చతుర్నేత్రుడు. పింగళుడు, పద్మపాదుడు మాంత్రికుల నడుమ సంచరింతురు. చిత్రసేనునకు ఉగ్రాక్షుడను రాక్షసుడు తారసిల్లును. కేశవుడు, జయమల్లు కలిసి లోయలో ప్రవేశింతురు. శిథిలాలయములో శిఖిముఖి, విక్రమకేసరి; యక్షపర్వతములో ఖడ్గవర్మ, జీవదత్తుడు; మాయాసరోవరములో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఈ జంటలను చూచితిరా? పూర్వపు కథలలో రాకుమారుడొక్కడే గుఱ్ఱమెక్కి పోయి రాకుమారిని తెచ్చుకొనును. సుబ్రహ్మణ్యముగారి కథలలో తరచు ఇద్దరు మిత్రులు నడచిపోవుదురు. ఒకనికి భుజబలము, ఒకనికి యుక్తి. ఒకడు తొందరపడినచో ఒకడు వారించును. స్నేహమే వారి రాజ్యము. తమ పిల్లలు ఎట్టి తోడును వెదకుకొనవలెనని తల్లులు కోరుదురో అట్టి తోడు ఆ పుటలలో కనబడెడిది.

ఈ కథలను నిందించినవారు లేకపోలేదు. మాంత్రికులు, భూతములు, రాక్షసులు నిండిన కథలు పసిపిల్లలకు చదివి వినిపించినచో వారు రాత్రులు ఉలికిపడుదురనియు, లేనిపోని మూఢనమ్మకములు తలకెక్కుననియు కొందరు పెద్దలు ఆక్షేపించుచుండెడివారు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. తల్లి యైనది దానిని ఆలోచింపక తప్పదు. కాని కథలను తుదివరకు చదివినవారు ఒక సంగతి గమనింతురు. ఈ కథలలో మాంత్రికుడు ఎన్నడును పూజార్హుడు కాడు. వాడు ధనమునకో, శక్తికో పేరాసపడి తన తోటి మాంత్రికునితో తగవులాడి, తన ఆశచేతనే చెడును. గెలుచువాడు మామూలు మనుష్యుడు. వాని యొద్దనున్నది ధైర్యము, సమయమునకు తట్టిన ఆలోచన, చేయి విడువని నేస్తము. చీకటిలోనికి చేయిపట్టి నడపి, "చూచితివా, ఇక్కడ భయపడదగినది ఏమియు లేదు" అని వెలుగులోనికి తెచ్చు కథ పిల్లవానికి పిరికితనమును నేర్పదు. పిల్లలకు భయమే తెలియకుండ పెంచుట ఎవరి తరమును కాదు. భయపడి, ఆ భయమును గెలుచుట ఎట్లో తెలుపుటయే పెంపకము.

స్త్రీల తరఫున ఒక ఫిర్యాదు మాత్రము చెప్పుకొనక తప్పదు. ఈ సాహసములయందు ఆడువారికి దొరకిన పాలు స్వల్పము. ఎత్తుకొనిపోబడుట, విడిపింపబడుట వారి వంతు. కత్తిపట్టి ముందునకు నడచుట మగవారి వంతు. అయినను మా యింటి ఆడుపిల్లలు ఈ కథలను మగపిల్లలకంటె ముందుగ లాగికొని చదివెడివారు. ఆటలాడునప్పుడు సిద్ధసాధకుని వేషము నాకు కావలెనని పోరాడినవారిలో జడలు వేసికొన్నవారు తక్కువేమియు కాదు. కథకుడు పెట్టని గిరిని వారే చెరిపివేసికొని లోనికి ప్రవేశించిరి. మంచికథకు గల గొప్పగుణము ఇదియే. పిలువనివారికి కూడ అందులో పీట దొరకును.

మా కొల్లేటి ప్రాంతమున ఈ కథలు వేళ్లూనుటకు మరియొక కారణము గలదు. కృష్ణా గోదావరుల నడుమ పరచుకొన్న కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరులు నీరు తెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు కొనిపోవును. ఆ నీటి నడుమ లంకగ్రామములు. వానకాలమున ఒక లంకనుండి మరియొక లంకకు దోనె మీద పోవలసిన పిల్లలకు "ద్వీపము" అన్న మాటకు అర్థము చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు ఎదుటి లంక కనబడక, గూడబాతుల రెక్కల చప్పుడు మాత్రము వినబడునప్పుడు, ఆ ప్రక్కన ఏ ఏకాక్షియో కూర్చుండియున్నాడనిపించుట వింత కాదు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారు వెలసియున్నారు. ఆ కోట పూర్వము గజపతుల జలదుర్గమనియు, నీటిని సముద్రములోనికి మరలించుటకు కాలువ త్రవ్వినప్పుడు ఒక సేనాని తన కన్నకూతురినే బలియిచ్చెననియు, అందుచే ఆ కాలువకు పేరంటాలకనమ అని పేరు వచ్చెననియు ఇక్కడివారు చెప్పుకొందురు. ఇట్టి కథలు నీటిలోనే కలిసియున్నచోట పాతాళదుర్గము, మాయాసరోవరము దూరదేశపు వింతలు కావు, ఇరుగుపొరుగు సంగతులు.

ఏలూరి పిల్లలకు మరియొక సదుపాయము. ఏలూరు తివాచీలకు పేరుపొందిన ఊరు. కథలో మాయతివాచీ మీద వీరుడు ఆకాశమున పోవుచుండెనని చదువగానే, మగ్గముల మీద ఉన్ని ముడులు వేయు పనివారి వీధికి పరుగెత్తి, "వీటిలో ఎగిరేది ఏది?" అని అడిగినచో ఆ పిల్లవానిని తప్పుపట్టగలమా? ఇక తాడేపల్లిగూడెము మదరాసు, కలకత్తాల నడుమనున్న రైలుదారిమీది యూరు. బెల్లము, ధాన్యము, ఉల్లిపాయల బేరములకై చుట్టుప్రక్కల పల్లెలవారు అచ్చటికి పోవుచుందురు. నెల మొదటివారములో బేరమునకు పోవు ఇంటి యజమానికి ఇల్లాలు చెప్పి పంపు సరకులలో చందమామ ఒకటి. పంచదార మరచి వచ్చినను క్షమించెడివారు గాని, చందమామ మరచి వచ్చినవానికి ఆ రాత్రి యింటిలో నెమ్మది యుండెడిది కాదు.

పత్రిక ఇంటికి వచ్చిన సాయంకాలము జరుగు తంతు మన సోదరీమణులలో చాలమందికి జ్ఞాపకముండును. పిల్లలందరును ఒకేసారి పైబడినచో పుటలు చినుగునని తల్లియే పత్రికను తన యొడిలో నుంచుకొనెడిది. వంట ముగించి, దీపము దగ్గరకు జరుపుకొని, తక్కిన కథలను ప్రక్కనబెట్టి మొదట ధారావాహికనే తీసెడిది. చదువురాని అత్తగారు గోడకానుకొని వినెడిది. పోయిన నెల కథ ఎచ్చట ఆగినదో పిల్లలు కంఠోపాఠముగ అప్పగించెడివారు. సరిగా వీరుడు గుహలోనికి అడుగుపెట్టగనే, వెనుకనుండి గర్జన వినబడగనే, కథ ఆగిపోయెడిది. మరల 30 దినములు! ఆ ముప్పది దినములును పిల్లలు తమంతట తామే కథను అల్లుకొనెడివారు. గర్జించినది సింహమని ఒకడు, రాక్షసుడని ఒకతె, వట్టి గాలియని ఒక పెద్దవాడు. వచ్చేనెల కథకుడు ఏమి చెప్పినను, ఈ నెలంతయు పిల్లలే కథకులు. ఓరిమి, ఊహ, జ్ఞాపకశక్తి అను మూడింటిని ఏ బడియు ఇంత సులువుగా నేర్పలేదు.

ఏలూరునకును స్త్రీల చదువునకును గల సంబంధము పాతది. 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు "హిందూసుందరి" యను స్త్రీల మాసపత్రికను ఏలూరునుండియే ప్రారంభించిరి. నాడు అక్షరములు కూడబలుకుకొని ఆ పత్రిక చదివిన ముత్తైదువల మనుమరాండ్రు, మునిమనుమరాండ్రు చందమామ కాలమునకు తల్లులైరి. స్త్రీకి చదువు వచ్చిన ఇంటిలో ఆ చదువు ఆమెతో ఆగదు. ఒడిలోని పిల్లలకు కథయై ప్రవహించును. కాబట్టి సుబ్రహ్మణ్యముగారి కథలను దేశములో నిలిపినవారు కథకుడొక్కడే కారు. రాత్రివేళ గొంతు బొంగురుపోవునంతవరకు చదివి వినిపించిన వేలకొలది తల్లులు, అక్కలు, పిన్నులు ఆ పనిలో భాగస్వాములు.

ఇక పేరు సంగతి. తెలుగులో అద్భుతకథలు వ్రాసినవారు ఇతరులు లేకపోలేదు. కాశీమజిలీ కథలను కూర్చిన మధిర సుబ్బన్న దీక్షితులుగారి పేరు ఇంటింట తెలియును. మా గోదావరి మండలమువాడే యైన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు తణుకులో పుట్టి వేయి నవలలు వ్రాసిరి. రైలు ప్రయాణములలోను, మధ్యాహ్నపు తీరికవేళలలోను స్త్రీలు వారి నవలలు విరివిగా చదివెడివారు. వారు 1975లో గతించినప్పుడు పోయినవారెవరో చదువరులకు తెలియును, ఏలయన ప్రతి అట్టమీదను ఆ పేరుండెను. సుబ్రహ్మణ్యముగారి విషయము అట్లు కాదు. చందమామలో ధారావాహికల క్రింద కర్త పేరు వేయు ఆచారము లేదు. సంపాదకులుగ పనిచేసిన కుటుంబరావుగారి పేరుకూడ సంపాదకస్థానమున అచ్చుపడలేదు. అచ్చట చక్రపాణిగారి పేరే యుండెడిది. పత్రిక యావత్తును ఒక్క గొంతుకతో, ఒక తాతగారు చెప్పినట్లుగ వినబడవలెనన్నది వారి తలంపు కావచ్చును.

ఇందులో ఒక విచిత్రము గలదు. బొమ్మలు వేసినవారి పేర్లు మాత్రము పిల్లలందరికిని తెలియును. ఏలయన బొమ్మ మూలను చిత్రకారుడు సంతకము చేయును. సుబ్రహ్మణ్యముగారి మాంత్రికులకును, రాక్షసులకును రూపమిచ్చిన చిత్రాగారి సంతకమును అక్షరములు రాని పిల్లలుకూడ గుర్తుపట్టెడివారు. ఆయన 1978లో గతించిరి. అట్లే శంకరుగారి బేతాళుడు, వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రములు. ఏకాక్షికి రూపమిచ్చిన చేతిని ఎరిగియుండి, ఏకాక్షిని కన్న మనస్సును ఎరుగకపోతిమి. కుటుంబరావుగారికి తమ నవలలు, కథలు, వ్యాసములు వేరుగ నుండుటచే లోకము వారిని గుర్తించినది. సుబ్రహ్మణ్యముగారి జీవితశ్రమలో అధికభాగము ఆ పేరులేని పుటలలోనే యుండెను.

పేరు లేకపోవుట మంచిదా, చెడ్డదా? రెండు వైపులను ఆలోచింపవలెను. మన జోలపాటలకు కర్తలెవరు? పేదరాశి పెద్దమ్మ కథలకు కర్తలెవరు? పేరు లేనందుననే అవి అందరి సొత్తులై నిలిచినవి. పేరు కోరక పనిచేయుట మన దేశమున ఒక గొప్పగుణముగ ఎంచబడినది. స్త్రీలకు ఆ సంగతి ఒకరు చెప్పవలసిన పనిలేదు. ఇంటిలో నిత్యము జరుగు పని అంతయు పేరులేని పనియే గదా. ఇల్లాలు వండిన పులుసును మెచ్చుకొందురు గాని, దాని క్రింద ఆమె సంతకముండదు. కాని అందుచేతనే మనము మరియొకటికూడ ఎరుగుదుము. పేరు కోరకపోవుట పనిచేసినవారి గొప్పతనము. ఆ పేరును అడిగి తెలిసికొనకపోవుట అనుభవించినవారి అలక్ష్యము. ఈ రెండును ఒకటి కావు. తల్లి తాను తిన్నదో లేదో చెప్పుకొనదు, కాని "అమ్మా, నీవు తింటివా?" అని అడుగని బిడ్డను ఎవరు మెచ్చుకొందురు?

సంతోషింపదగినదేమనగా, అడిగిన బిడ్డలు కొందరు తుదికి బయలుదేరిరి. చందమామ చదివి పెరిగి పెద్దవారై, ఉద్యోగములకై దేశదేశములకు పోయినవారు తమ బాల్యమును తలపోసికొని, "ఆ కథలు చెప్పినదెవరు?" అని ఆరా తీసిరి. పాత సంచికలను కూర్చుకొనిరి. వృద్ధుడైన కథకుని పేరు ఆ విధముగ ఆయన కడపటి యేండ్లలో మెల్లగ వెలుగునకు వచ్చినది. ఆయన గతించిన పిమ్మట అభిమానులును, హైదరాబాదులోని వాహిని బుక్ ట్రస్టు వంటి ప్రచురణకర్తలును పూనుకొని ఆయన కథలను పుస్తకములుగ, ఈసారి అట్టమీద ఆయన పేరుతోనే, వెలువరించిరి. ఆలస్యమైనను అప్పు తీర్చుట మేలే. అయినను తీర్చవలసిన కాలమున తీర్చినచో పుచ్చుకొనువాని ముఖమున సంతోషము చూచెడివారము గదా యను కొరత మిగిలియే యున్నది.

ఇతరదేశములలో అద్భుతకథకులు గతించినపుడు చదువరులు ఏమి చేసిరో వినుట మనకు ఉపయోగకరము. ఇంగ్లండులో టెర్రీ ప్రాచెట్ అను రచయిత తన కథలలో మృత్యుదేవతను ఒక పాత్రగ చేసి, దయయు హాస్యమును గలవానినిగ చిత్రించెను. 2015 మార్చి 12వ తేదీన ఆయన గతించగా, చదువరులు వేలకొలదిగ కలిసి ఆ మృత్యుదేవతకే ఒక విజ్ఞాపనపత్రము వ్రాసి, మా కథకుని మాకు మరల ఇమ్మని సంతకములు చేసిరి. ఇది వట్టి వేడుకయని నవ్వువారు నవ్వవచ్చును. మన సావిత్రి చేసినదియు అదియే గదా. యముని వెంట నడచి, మాటలతో మెప్పించి, పోయిన ప్రాణమును మరల అడిగినది. ప్రియమైనవారిని తీసికొనిపోవునప్పుడు ఊరకుండక, ఒక్క మాటయైన అడుగుట మానవస్వభావము. ఆ దేశపు చదువరులకు అడుగుటకు పేరు తెలిసియుండెను. మనకు అదియు లేకపోయెను.

హిందీలో దేవకీనందన ఖత్రిగారి "చంద్రకాంత" యను మాయల నవలను చదువుటకే ఎందరో ఆ లిపి నేర్చుకొనిరని చెప్పుదురు. తెలుగునాట చందమామ అట్టి పనియే చేసినది. మదరాసులోను, బెంగుళూరులోను, బొంబాయిలోను బడిలో తెలుగు లేని పిల్లలకు తెలుగు అక్షరము అంటుకొన్నది ఈ కథల మూలముననే. శిఖిముఖికి ఏమైనదో తెలిసికొనవలెనన్న ఆత్రము గుణింతమును నేర్పినది. వారిలో నేడు తాతలు, అమ్మమ్మలైనవారు ఎందరో గలరు.

నేడు చందమామయు లేదు. 1998లో కొంతకాలము ఆగి, 1999లో మరల మొదలై, చేతులు మారి, 2013 నాటికి అచ్చు పూర్తిగ నిలిచిపోయినది. కొల్లేరును మారినది, దోనెలు పోవు చాలచోట్ల చేపల చెరువుల గట్లు లేచినవి. పిల్లలచేతికి కథలు ఇప్పుడు బొమ్మలు కదలు పలకలలో వచ్చుచున్నవి. అందు కథ ఆగదు; ముప్పది దినములు వేచియుండనక్కరలేదు. వేచియుండనక్కరలేని పిల్లవానికి తనంతట తాను కథ అల్లుకొను అవకాశమును లేదు. ఇది కాలమును నిందించుట కాదు. కాలమును ఎవరును వెనుకకు త్రిప్పలేరు. కాని వానకాలమున వరద వచ్చునపుడు మన లంకల ఇల్లాండ్రు ఏమి చేయుదురో తలచుకొనుడు. ధాన్యము, విత్తనములు, పట్టుచీరలు మొదట అటకమీదికి చేర్తురు. చందమామలను ఏడాదికొక బైండుగ కుట్టించి దాచుకొన్న ఇండ్లలో ఆ బైండులుకూడ వానితో అటకెక్కెడివి. ఏది పోగొట్టుకొనరాదో ఇల్లాలికి తెలియును.

కాబట్టి సోదరీమణులారా, నా మనవి చిన్నది. మీ అటకమీద పాత చందమామలున్నచో చెదలు పట్టకుండ దింపి, దులిపి, ఎండలో ఒక గడియ ఆరబెట్టుడు. లేనిచో పుస్తకరూపమున వచ్చినవానిలో ఒకదానిని తెప్పించుడు. వారమునకు ఒక ప్రకరణము మాత్రమే పిల్లలకు చదివి వినిపించి, వీరుడు గుహ వాకిట నిలిచినచోట పుస్తకము మూయుడు. "తరువాత ఏమైనది?" అని వారు అల్లరిచేసినను చెప్పకుడు, వారినే చెప్పనిండు. కథ మొదలుపెట్టుటకు ముందు, భోజనమునకు ముందు గోవిందనామము పలికినట్లు, ఒక్కసారి కథకుని పేరు పలుకుడు: దాసరి సుబ్రహ్మణ్యముగారు. బొమ్మలు చూపునప్పుడు చిత్రాగారి పేరుకూడ చెప్పుడు.

ఇంకొకటి. నేడు తెలుగులో పిల్లలకొరకు వ్రాయుచున్నవారు కొలదిమందియైనను ఉన్నారు. వారి కథ మీ పిల్లవానిని ఒక రాత్రి ఆనందపరచినచో, వానిచేతనే ఒక ఉత్తరము వ్రాయించి పంపుడు. వంకర అక్షరములైనను సరే, తప్పులున్నను సరే. పోయినవారికి మనము చేయగలది స్మరణ మాత్రమే. ఉన్నవారికి చేయదగినది ఒక మంచిమాట. సుబ్రహ్మణ్యముగారికి అందవలసిన వేలకొలది ఉత్తరములు మన యింటింట వ్రాయబడకయే మిగిలిపోయినవి. మనము అనుభవించిన ఆ లోపము మన బిడ్డలకు రానీయకుండుటయే ఆయనకు మనము విడువగల తర్పణము.